క్లోనింగ్ – మన ప్రసంగ వేదికలు: ఒక విమర్శనాత్మక పరిశీలన

పరిచయము

క్లోనింగ్ అను మాట వినని విశ్వాసి నేడు మన సంఘములలో అరుదు. 1997 ఫిబ్రవరిలో డాలీ అను గొర్రెపిల్ల వార్త లోకమునకు తెలిసిన నాటి నుండి యౌవనస్థుల కూటములలోను, ఉజ్జీవ సభలలోను, అంత్యదినములను గూర్చిన పాఠములలోను ఈ మాట వినబడుతూనే ఉంది. అయితే దానిని గూర్చి మనము చెబుతున్నది లేఖనములకు తగినదేనా, జరిగిన సంగతులకు తగినదేనా అని పరీక్షించుకొన్న సందర్భములు తక్కువ. ఈ వ్యాసములో మేము చేయదలచినది ఆ పరీక్షయే.

మా వాదము క్లుప్తముగా ఇది. మనుష్యులను క్లోనింగ్ ద్వారా పుట్టించుట తగదు అను నిర్ణయములో మన సంఘములు పొరపడలేదు. కాని ఆ నిర్ణయమునకు మనము చూపుతున్న కారణములలో అనేకము నిలువవు. వ్యాజ్యము న్యాయమైనదే అయినా సాక్ష్యము బలహీనమైతే ఓడిపోతుంది. అంతకంటె ముఖ్యముగా, బలహీనమైన వాదము సంఘములో కూర్చున్న కొందరిని గాయపరుస్తుంది. ఐవీఎఫ్ పద్ధతిలో బిడ్డను కన్న తల్లి, పెండ్లయి పదేండ్లయినా సంతానము లేని దంపతులు, బిడ్డను సమాధి చేసి వచ్చిన తండ్రి మన మాట వింటున్నారు. కనుక ఇది పండితుల చర్చగా మాత్రమే మిగిలిపోకూడదు.

1. జరిగినది ఏమిటి?

వాదములకు ముందు వాస్తవములు తెలియాలి. స్కాట్లాండ్‌లోని రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇయన్ విల్మట్, కీత్ క్యాంప్‌బెల్ అను శాస్త్రజ్ఞుల బృందము ఆరేండ్ల గొర్రె పొదుగు నుండి తీసిన కణమును, కేంద్రకము తొలగించిన మరొక గొర్రె అండముతో కలిపింది. అలాంటి ప్రయత్నములు 277 జరిగాయి. వాటిలో 29 మాత్రమే గర్భములో ఉంచదగిన పిండములుగా ఎదిగాయి. ఆ 29 పిండములను 13 గొర్రెల గర్భములలో ఉంచితే, 1996 జూలై 5న ఒక్క డాలీ సజీవముగా పుట్టింది.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. మొదటిది, శాస్త్రజ్ఞులు శూన్యము నుండి దేనినీ చేయలేదు. జీవము గల కణమును, జీవము గల అండమును, జీవము గల గర్భమును వాడుకొన్నారు. రెండవది, పుట్టినది పెద్ద గొర్రె కాదు, గొర్రెపిల్ల. సినిమాలలో చూపినట్లు ఒక మనిషి పక్కన అదే వయస్సు గల మరొక మనిషి వచ్చి నిలువబడడు. క్లోనింగ్ వలన పుట్టేది, ఒకరి జన్యువులను ఆలస్యముగా పంచుకొన్న పసిబిడ్డయే.

ఆ పోలిక కూడ సంపూర్ణము కాదు. 2001 డిసెంబరులో అమెరికాలోని టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయములో క్లోనింగ్ ద్వారా ఒక పిల్లి పుట్టింది. మూల జంతువు మూడు రంగుల పిల్లి. పుట్టిన పిల్ల ఒంటి రంగులు దానిని పోలలేదు. జన్యువులు ఒకటే అయినా అవి పనిచేసే తీరు, గర్భములోని స్థితి, పెరిగిన పరిసరములు ప్రాణిని వేరుగా తీర్చిదిద్దుతాయి. చర్మపు రంగునే తిరిగి తేలేని విద్య ఒక మనిషి స్వభావమును, జ్ఞాపకములను, విశ్వాసమును తిరిగి తెస్తుందనుట భ్రమ.

మానవుని విషయములో ఇంతవరకు నిరూపింపబడిన జననము లేదు. 2002 డిసెంబరులో క్లోనెయిడ్ అను సంస్థ ఒక ఆడబిడ్డ పుట్టిందని ప్రకటించింది గాని ఏ రుజువూ చూపలేదు. కోతుల వరకు మాత్రము శాస్త్రము వచ్చింది. చైనాలోని షాంఘైలో పుట్టిన జోంగ్ జోంగ్, హువా హువా అను రెండు కోతిపిల్లలను గూర్చి 2018 జనవరిలో ప్రకటించారు. ఆ ప్రయోగములో మొత్తము 260 పిండములను 63 ఆడకోతుల గర్భములలో ఉంచారు. పెద్ద కోతి కణముల నుండి పుట్టిన రెండు పిల్లలు వెంటనే చనిపోయాయి. గర్భస్థ పిండపు కణముల నుండి పుట్టిన ఈ రెండే బ్రతికాయి. మనుష్యుని క్లోనింగ్ అసాధ్యమని ఇక చెప్పలేము. కాని దానికి చెల్లించవలసిన వెల ఎంతో ఈ లెక్కలే చెబుతున్నాయి.

2. వేదికలపై వినబడే నాలుగు వాదములు

మొదటిది, "జీవమునిచ్చుట దేవుని పని, మనుష్యుడు ఆ పనిలో చేయిపెట్టుట పాపము" అనునది. ఈ వాదములో భక్తి ఉంది గాని, స్పష్టత లేదు. చేయిపెట్టుటయే పాపమైతే సిజేరియన్ ఆపరేషను, రక్తమార్పిడి, ఇంక్యుబేటరులో బ్రతికిన నెలలు నిండని బిడ్డ కూడ ఆ తీర్పు క్రిందికి వస్తారు. 1978లో ఇంగ్లండ్‌లో మొదటి ఐవీఎఫ్ శిశువు లూయిస్ బ్రౌన్ పుట్టినప్పుడు కూడ ఇదే మాట వినబడింది. నేడు ఆ పద్ధతిలో పుట్టిన పిల్లలు మన సండేస్కూళ్లలో వాక్యములు కంఠస్థము చేస్తున్నారు. ఆదికాండము 1:28లో దేవుడు మనుష్యునికి భూమిని అప్పగించాడు. ఆ అప్పగింతలో వివేకముతో కూడిన పని ఉంది. కనుక మనుష్యుడు చేయి పెట్టాడా లేదా అనునది అసలు ప్రశ్న కాదు. ఆ చేయి ఎవరి మేలు కొరకు, ఎవరి ప్రాణము పణముగా పెట్టి పనిచేస్తున్నది అనునదే ప్రశ్న.

రెండవది, "క్లోనింగ్ ద్వారా పుట్టినవానికి ఆత్మ ఉండదు" అనునది. నాలుగింటిలో మిక్కిలి ప్రమాదకరమైనది ఇదేనని మా అభిప్రాయము. ఒకే పోలిక గల కవలలు ఒకే పిండము రెండుగా విడిపోయి పుడతారు. జన్యువుల దృష్టిలో వారు ప్రకృతి సిద్ధమైన క్లోన్లు. వారిలో ఒకరికే ఆత్మ ఉందని ఎవరైనా అనగలరా? ఆత్మ జన్యువులలో భాగము కాదు. పుట్టిన పద్ధతిని బట్టి దేవుడు దానిని ఇచ్చుట గాని మానుట గాని చేస్తాడని లేఖనములు ఎక్కడా బోధించలేదు. ఒకవేళ రేపు ఎక్కడైనా అలాంటి బిడ్డ పుడితే, ఆ బిడ్డ పూర్తిగా మనిషే. ఆ బిడ్డ కొరకు కూడ క్రీస్తు మరణించాడు. ఆ బిడ్డకు బాప్తిస్మము, బల్ల, సంఘములో స్థానము నిరాకరించుటకు మనకు అధికారము లేదు. తండ్రుల దోషమును కుమారుడు మోయనక్కరలేదని యెహెజ్కేలు 18వ అధ్యాయము స్పష్టము చేసింది. పుట్టుకను బట్టి మనుష్యుని తక్కువ చేయుట ఎంత ఘోరమో మన దేశములోని సంఘమునకు వేరుగా చెప్పనవసరము లేదు. కులమును బట్టి ఊరి వెలుపల ఉంచబడిన ప్రజల నుండి వచ్చిన సంఘము, పుట్టిన విధానమును బట్టి మరొకరిని ఆత్మలేనివాడని పిలువకూడదు.

మూడవది, "హవ్వ మొదటి క్లోన్" అనునది. బైబిలులో విజ్ఞానశాస్త్రము ముందే ఉన్నదని చూపు ఆతురతతో కొందరు ఆదికాండము 2:21-22ను ఇలా వివరిస్తున్నారు. అలాగే కన్యక గర్భమున యేసు జననమును కూడ క్లోనింగ్‌తో పోల్చువారున్నారు. ఇది శాస్త్రమునకూ నిలువదు, వ్యాఖ్యానమునకూ నిలువదు. ఆదాము కణము నుండి క్లోన్ వస్తే పురుషుడు రావాలి. మరియ నుండి వస్తే స్త్రీ రావాలి. పైగా ఆ వచన భాగము చెప్పదలచిన సత్యమే వేరు. ఆదామునకు దేవుడు తన ప్రతిబింబమును ఇవ్వలేదు. తనవలె మనిషియే అయినా తాను కాని మరొక వ్యక్తిని ఎదుట నిలిపాడు. మరియ గర్భ జననము పరిశుద్ధాత్మ కార్యమని సువార్త చెబుతుంది; ప్రయోగశాలతో దానిని సమర్థింపబూనుట విశ్వాసమును తగ్గించుటే.

నాలుగవది, "డాలీ త్వరగా చచ్చింది, అదే దేవుని తీర్పు" అనునది. డాలీకి కీళ్లవాతము వచ్చిన మాట నిజము. 2003 ఫిబ్రవరి 14న, ఆరున్నరేండ్ల వయస్సులో, ఊపిరితిత్తులలో పెరిగిన కంతి కారణముగా దానికి మరణము కలిగించిన మాట కూడ నిజము. అయితే ఆ కంతి గొర్రెలలో వైరస్ వలన వ్యాపించే వ్యాధి. 2016లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, క్లోనింగ్ ద్వారా పుట్టి ఏడు నుండి తొమ్మిదేండ్లు నిండిన 13 గొర్రెలను పరీక్షించారు. వాటిలో నాలుగు డాలీ వచ్చిన కణముల నుండియే వచ్చినవి. అవి వయస్సుకు తగిన ఆరోగ్యముతోనే ఉన్నాయని వారు తెలియజేశారు. వార్తాపత్రిక ముక్కమీద దేవుని తీర్పును నిలబెడితే, కొత్త వార్త వచ్చిన నాడు విశ్వాసి మన బోధనే అనుమానిస్తాడు.

3. వేదాంతుల చర్చ

డాలీ పుట్టకముందే, పాశ్చాత్య దేశములలో క్రైస్తవ నీతిశాస్త్రజ్ఞులు ఈ విషయమై తలపడ్డారు. పరిస్థితి నీతికి ప్రసిద్ధుడైన జోసెఫ్ ఫ్లెచర్, ఆలోచించి ఎన్నుకొని చేయు పని యాదృచ్ఛికముగా జరిగే దానికంటె మానవీయమైనదని వాదించి, మంచి ఫలితము వచ్చునెడల క్లోనింగ్‌ను కూడ ఆమోదించాడు. పాల్ రామ్సే 1970లో ప్రచురించిన 'ఫాబ్రికేటెడ్ మ్యాన్' అను గ్రంథములో దానిని బలముగా వ్యతిరేకించాడు. దాంపత్య ప్రేమను, సంతానోత్పత్తిని పూర్తిగా విడదీయుటకు, ఇంకా పుట్టని బిడ్డను దాని సమ్మతి లేకుండ ప్రయోగమునకు గురిచేయుటకు మనకు హక్కు లేదన్నది అతని వాదము. ఆలివర్ ఓడనవన్ 1984లో 'బిగాటెన్ ఆర్ మేడ్?' అను గ్రంథములో నీకయ విశ్వాస ప్రమాణములోని ఒక భేదమును ఆధారము చేసికొన్నాడు. మనము కన్నది మనతో సమానము. మనము చేసినది మన ఇష్టమునకు లోబడినది. రోమను కతోలిక సంఘము 1987, 2008 సంవత్సరములలో వెలువరించిన పత్రములలో మానవ క్లోనింగ్‌ను పూర్తిగా నిరాకరించింది.

ఫ్లెచర్ వాదములోని లోపము, ఫలితమును లెక్కించువాడు ఎవరు అను ప్రశ్నకు జవాబు లేకపోవుటయే. బలవంతుడు లెక్కిస్తే బలహీనుడు ఖర్చుల పట్టికలో చేరతాడు. రామ్సే, ఓడనవన్ వాదములు మాకు సమ్మతమే. అయినా వాటిని మన సంఘములలో ఉపయోగించువారు ఒక జాగ్రత్త తీసికొనాలి. కనుట, చేయుట అను భేదము పెద్దల మనోవైఖరిని గూర్చినది; పుట్టిన బిడ్డ విలువను గూర్చినది కాదు. సాధారణ పద్ధతిలో పుట్టిన బిడ్డను కూడ తయారు చేసిన వస్తువువలె చూచు తలిదండ్రులున్నారు. కొడుకే కావాలని గర్భమును పరీక్ష చేయించువారు, తాము కాలేని డాక్టరును తమ బిడ్డలో చూడగోరువారు క్లోనింగ్ లేకుండానే ఆ పాపము చేస్తున్నారు. మొదట అక్కడ ప్రసంగించాలి.

4. మానవ క్లోనింగ్: నిలువగల అభ్యంతరములు

మా దృష్టిలో మూడు కారణములు నిలుస్తాయి.

ఒకటి, పుట్టబోవు బిడ్డకు, మోయు తల్లికి జరుగు హాని. జంతువులలో జరిగినట్లే గర్భస్రావములు, మృతశిశువులు, అవయవ లోపములు లెక్కకు మించి జరుగకుండ మొదటి మానవ క్లోన్ పుట్టుట సాధ్యము కాదు. రేపు పద్ధతి మెరుగుపడవచ్చును గదా అని అడుగువారున్నారు. ఆ మెరుగుదల ఎవరి మీద ప్రయోగించి సాధిస్తారు? దేవుని స్వరూపమందు చేయబడినవారిని నేర్చుకొనుటకు సాధనముగా వాడకూడదని ఆదికాండము 9:6 వెనుకనున్న సత్యము మనకు బోధిస్తుంది.

రెండు, స్త్రీల దోపిడి. దక్షిణ కొరియాలో హ్వాంగ్ వూ-సుక్ అను శాస్త్రజ్ఞుడు 2004, 2005 సంవత్సరములలో మానవ పిండములను క్లోన్ చేసి మూలకణములు తీశానని ప్రకటించి జాతీయ వీరుడయ్యాడు. 2006 జనవరి నాటికి అది కల్పితమని తేలింది. అయితే ఆ అబద్ధమునకు వాడిన అండములు మాత్రము నిజమైనవి. రెండు వేలకు పైగా అండములు స్త్రీల శరీరముల నుండి తీశారు. కొందరికి డబ్బు ముట్టింది. అతని క్రింద పనిచేయు పరిశోధకురాళ్లు కూడ అండములు ఇచ్చారు. పై అధికారి అడిగినప్పుడు క్రింది ఉద్యోగిని ఇచ్చు సమ్మతిని స్వేచ్ఛ అనగలమా? మన దేశములోను పేదరికము వలన కిడ్నీ అమ్ముకొన్నవారు, గర్భము అద్దెకిచ్చినవారు ఉన్నారు గనుక ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు.

మూడు, బిడ్డ స్వేచ్ఛ. ఎవరి జీవితమునో రెండవసారి జీవించుటకు పిలువబడిన బిడ్డ, పుట్టకముందే ఒక పోలిక భారమును మోస్తుంది. కీర్తన 139:13-16లో భక్తుడు తాను ఇంకా రూపు దిద్దుకొనకముందే దేవుడు తనను ఎరిగి యున్నాడని ఆశ్చర్యపడ్డాడు. అతని దినములను వ్రాసియుంచినవాడు దేవుడే గాని, తలిదండ్రులు కాదు.

వ్యాధుల చికిత్స కొరకు పిండములను క్లోన్ చేయుట వేరొక ప్రశ్న. 2005 మార్చి 8న ఐక్యరాజ్యసమితి అన్ని విధముల మానవ క్లోనింగ్‌ను నిషేధించమని కోరు ప్రకటనను 84 - 34 ఓట్లతో ఆమోదించింది. 37 దేశములు తటస్థముగా ఉన్నాయి. చికిత్సా పరిశోధనకు దారి ఉండాలన్న అభిప్రాయముతో మన దేశము వ్యతిరేకముగా ఓటు వేసింది. అయితే మనిషిని పుట్టించు క్లోనింగ్‌ను భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకములు నిషేధించాయి. పిండము ఏ క్షణము నుండి మనిషి అను విషయమై క్రైస్తవులలో భేదాభిప్రాయములున్నాయి. బలహీనమైన మానవ జీవమును సందేహమున్నచోట కాపాడుటయే మేలని మేము తలుస్తాము. 2006లో జపాను శాస్త్రజ్ఞుడు షిన్యా యమనకా పిండము అవసరము లేకుండ సాధారణ కణములనే మూలకణములవలె మార్చు మార్గమును ఎలుకలలో చూపాడు. మరుసటి సంవత్సరము మానవ కణములలో చూపాడు. 2012లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చింది. మనస్సాక్షి అభ్యంతరము శాస్త్రమునకు ఎల్లప్పుడును అడ్డుగోడ కాదనుటకు, మరొక దారి వెదకుటకు అది తోడ్పడగలదనుటకు ఇది నిదర్శనము.

5. జంతువుల క్లోనింగ్

జంతువుల విషయములో "అంతా తప్పు" అనుటకు గాని, "అవి జంతువులే గదా" అనుటకు గాని లేఖనములు ఒప్పుకొనవు. కళ్లము త్రొక్కు ఎద్దు ఆకలిని (ద్వితీయోపదేశకాండము 25:4), పక్షి గూటిలోని తల్లిని (22:6-7) ధర్మశాస్త్రము పట్టించుకొన్నది. నీతిమంతుడు తన పశువు ప్రాణమును ఎరుగునని సామెతలు 12:10 చెబుతుంది. నీనెవెను గూర్చి యోనాతో మాట్లాడినప్పుడు దేవుడు పశువులను కూడ లెక్కలో చేర్చాడు.

కనుక ప్రయోజనమును, బాధను తూచి చూడాలి. హర్యానాలోని కర్నాల్ జాతీయ పాడి పరిశోధన సంస్థలో 2009 ఫిబ్రవరిలో పుట్టిన సంరూప అను గేదెదూడ కొద్ది దినములకే చనిపోయింది. అదే సంవత్సరము జూన్‌లో పుట్టిన గరిమ రెండేండ్లు బ్రతికింది. 2010లో పుట్టిన రెండవ గరిమ 2013లో మహిమ అను దూడను ఈనింది. 2023 మార్చిలో గిర్ జాతి ఆవుదూడ గంగ పుట్టింది. మేలైన పాడిపశువును వృద్ధి చేయుట రైతునకు మేలే. అయితే దూడ గర్భములో మితిమీరి పెరిగి తల్లికి ప్రసవము కష్టమగుట ఈ పద్ధతిలో తరచుగా కనబడిన బాధ. ఒకే జన్యువులు గల మంద ఒకే వ్యాధికి ఒక్కసారిగా కూలిపోవచ్చునన్నది కూడ రైతు ఆలోచించవలసిన సంగతి. 2008లో అమెరికా ఆహార సంస్థ క్లోన్ చేసిన ఆవులు, పందులు, మేకల మాంసము, పాలు తినుటకు క్షేమమని తేల్చింది. తినువానికి క్షేమమనుట పశువునకు న్యాయము జరిగిందనుటకు రుజువు కాదు.

అంతరించు జాతులను కాపాడుట మరింత గౌరవనీయమైన ఉద్దేశము. మన హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు, 1952లో మన దేశములో అంతరించినదని ప్రకటింపబడిన చీతాను ఇరాన్ చీతాల కణముల నుండి క్లోనింగ్ ద్వారా తిరిగి తేవాలని 2000 తరువాతి సంవత్సరములలో తలపెట్టారు. ఇరాన్ అంగీకరింపలేదు. చివరకు 2022 సెప్టెంబరులో నమీబియా నుండి సజీవమైన చీతాలను మధ్యప్రదేశ్‌లోని కూనోకు తెచ్చారు. అమెరికాలో 1988లో భద్రపరచిన కణముల నుండి 2020లో నల్లపాదముల ఫెరెట్ ఒకటి పుట్టింది. నోవహు ఓడ కథను బోధించు మనము దీనిని తేలికగా ఖండింపలేము. అయితే అడవిని నరికివేస్తూ కణములను మాత్రము సీసాలో దాచుట గృహనిర్వాహకత్వము కాదు.

పెంపుడు జంతువుల క్లోనింగ్‌ను మాత్రము మేము సమర్థింపలేము. 2005లో కొరియాలో పుట్టిన స్నప్పీ అను కుక్క కొరకు 1,095 పిండములను 123 ఆడకుక్కల గర్భములలో ఉంచారు. రెండు పుట్టగా ఒకటి మూడు వారములకే చచ్చింది. నేడు కొన్ని దేశములలో ఇది వ్యాపారమయ్యింది. ఒక యజమాని దుఃఖము తీర్చుటకు ఇతర జంతువులను ఇలా వాడుట, ఆ దుఃఖమునకు కూడ నిజమైన ఓదార్పు కాదు.

6. కాపరి పరిచర్యకు సూచనలు

క్లోనింగ్ వైపు మనస్సులను లాగేది శాస్త్రము మీది మోజు మాత్రమే కాదు. దాని వెనుక రెండు దుఃఖములున్నాయి: సంతానము లేని దుఃఖము, పోగొట్టుకొన్న దుఃఖము.

మొదటి దుఃఖమును మన సంఘములు తరచుగా పెంచుతున్నాయి. ప్రతి పెండ్లిలోను, ప్రతి గృహప్రవేశములోను సంతానమునే దీవెనకు కొలతగా చెబుతాము. గొడ్రాలు అను మాటను ప్రార్థనలో కూడ వాడుతాము. లోపము పురుషునిదైనా నింద స్త్రీ మీదికే పోతుంది. హన్నా కన్నీటిని యాజకుడైన ఏలీ మొదట అపార్థము చేసికొన్నాడు. మన కాపరులకు అది హెచ్చరిక. క్లోనింగ్ పాపమని గట్టిగా చెప్పి, ఆ దంపతులను ప్రతి నెలా "ఏమైనా విశేషమా?" అని అడుగు సంఘము తన సాక్ష్యమును తానే కొట్టివేసికొంటున్నది. దత్తత స్వీకారమును గూర్చి మనము ఎన్నిసార్లు ప్రసంగించాము? మనమందరము దత్తపుత్రులమని పౌలు రోమా 8వ అధ్యాయములో వ్రాసిన సత్యము సిద్ధాంత పాఠములోనే మిగిలిపోయి, ఇంటి గడప దాటుట లేదు.

రెండవ దుఃఖమునకు దావీదు సాక్షి. బిడ్డ చనిపోయిన తరువాత తానే ఆ బిడ్డ యొద్దకు వెళ్లుదును గాని బిడ్డ తిరిగి రాదని 2 సమూయేలు 12:23లో ఒప్పుకొన్నాడు. యోబు గ్రంథము చివర గొర్రెలు, ఒంటెలు, ఎడ్లు, గాడిదలు రెండంతలయ్యాయి. బిడ్డలు మాత్రము మునుపటి లెక్కకే పుట్టారు. పశువునకు బదులు పశువు రావచ్చును. బిడ్డకు బదులు బిడ్డ రాదు. మునుపటివారు దేవుని యెదుట ఇంకను యోబు బిడ్డలే గనుక లెక్క సరిపోయిందని వ్యాఖ్యానించువారున్నారు. అది మాకును సబబుగా తోస్తుంది. పునరుత్థాన నిరీక్షణ ప్రతిరూపమును వాగ్దానము చేయదు. పోయిన ఆ వ్యక్తినే వాగ్దానము చేస్తుంది. ఈ మాట సమాధి దగ్గర చెప్పగలిగిన కాపరికి క్లోనింగ్‌ను గూర్చి వేరుగా వాదించవలసిన అవసరము అంతగా ఉండదు.

ముగింపు

మానవ క్లోనింగ్‌ను మనము నిరాకరించాలి. దేవుడు భయపడుతున్నాడని కాదు, పుట్టువానికి ఆత్మ ఉండదని కాదు. పుట్టువానికి, మోయుదానికి అన్యాయము జరుగునని, బిడ్డ వరమే గాని మన పథకము కాదని. జంతువుల విషయములో అవసరమును, బాధను తూచి అనుమతించాలి లేదా కాదనాలి. వేదాంత కళాశాలలు నీతిశాస్త్ర బోధనలో జీవశాస్త్ర ప్రాథమిక పాఠములను చేర్చాలి; మన ప్రాంతములోని క్రైస్తవ వైద్యులను, పరిశోధకులను తరగతికి పిలువాలి. కాపరులు ఈ అంశముపై ప్రసంగము సిద్ధపరచునప్పుడు, సంతానము లేని దంపతులు, ఐవీఎఫ్ బిడ్డ తల్లి ముందు వరుసలోనే కూర్చున్నారని తలంచి ప్రతి వాక్యమును వ్రాయాలి. వారి ముఖము చూచి చెప్పలేని మాటను వేదిక మీద కూడ చెప్పకూడదు.